జగదీశ్ చంద్ర బోస్

సర్ జగదీశ్ చంద్ర బోస్ (నవంబరు 30, 1858 - నవంబరు 23, 1937) ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, వృక్ష శరీరధర్మ శాస్త్రవేత్త, బెంగాలీ రచయిత. మిల్లీమీటర్ల పొడవు గల రేడియో తరంగాలను పుట్టించి, వాటిని గోడల గుండా పంపి, దూరాన ఉన్న గంటను మోగించి చూపించాడు. మొక్కలు బాహ్య ప్రేరణలకు ఎలా ప్రతిస్పందిస్తాయో కొలిచే సాధనాలను నిర్మించాడు. కలకత్తాలో బోస్ పరిశోధనా సంస్థను స్థాపించాడు. నేడు ఇళ్ల తలుపులకు, కిటికీలకు అమర్చే వైర్‌లెస్ సెన్సర్లు ఒక చోట జరిగిన మార్పును తీగ లేకుండా మరొక చోటికి తెలిపి గంట మోగిస్తాయి. ఈ పనికి మూలమైన సూత్రాన్ని 1895లోనే ప్రజల ముందు ప్రదర్శించినవాడు బోస్. స్వాతంత్ర్య సమరయోధుడు సుభాష్ చంద్ర బోస్, ఇతని శిష్యుడైన భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ వేరు వ్యక్తులు.

బాల్యము, విద్యాభ్యాసము

జగదీశ్ చంద్ర బోస్ అప్పటి బెంగాల్ ప్రెసిడెన్సీలోని మైమన్‌సింగ్‌లో జన్మించాడు. ఈ ఊరు ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉంది. వీరి పూర్వికుల గ్రామం విక్రమపురం ప్రాంతంలోని రాఢీఖాల్. తల్లి బామాసుందరి, తండ్రి భగవాన్ చంద్ర బోస్. తండ్రి బ్రహ్మసమాజీకుడు, ప్రభుత్వోద్యోగి. కలవారి పిల్లలను ఆంగ్ల పాఠశాలలకు పంపడం గౌరవంగా భావించే ఆ రోజుల్లో ఆయన తన కుమారుణ్ణి మొదట బెంగాలీ బడిలో చేర్పించాడు. పిల్లవాడు ముందు మాతృభాషను, తన చుట్టూ ఉన్న ప్రజలను తెలుసుకోవాలన్నది ఆయన అభిప్రాయం. ఆ బడిలో రైతుల పిల్లలు, జాలరుల పిల్లలు జగదీశ్‌కు సహాధ్యాయులు. చేపలు, పక్షులు, మొక్కలను గురించి వారి నోట విన్న కథలు అతనిలో ప్రకృతి పట్ల ఆసక్తిని కలిగించాయి.

1869లో కలకత్తాలోని హేర్ పాఠశాలలోను, తరువాత సెయింట్ జేవియర్స్ పాఠశాలలోను, కళాశాలలోను చదివాడు. అక్కడ భౌతిక శాస్త్రం బోధించిన ఫాదర్ లాఫోంట్ ప్రయోగాలు చేసి చూపుతూ పాఠం చెప్పడంలో పేరుపొందినవాడు. 1879లో బి.ఏ. పట్టా పొందిన బోస్ 1880లో వైద్యవిద్య కొరకు ఇంగ్లాండు వెళ్ళాడు. అనారోగ్యం వలన వైద్యవిద్యను విడిచిపెట్టవలసి వచ్చింది. తరువాత కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరి, 1884లో ప్రకృతి శాస్త్రాలలో పట్టా పొందాడు. లార్డ్ రాలే, మైఖేల్ ఫాస్టర్, ఫ్రాన్సిస్ డార్విన్ అక్కడ ఇతని గురువులు. లండన్ విశ్వవిద్యాలయం నుండి బి.ఎస్‌సి. పట్టా కూడా పొందాడు.

ప్రెసిడెన్సీ కళాశాల, వేతన నిరసన

1885లో స్వదేశానికి తిరిగివచ్చి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక శాస్త్ర ఆచార్యుడుగా తాత్కాలిక పదవిలో చేరాడు. ఆ కాలంలో అదే పని చేసే ఐరోపావారికి ఇచ్చే వేతనంలో మూడింట రెండు వంతులే భారతీయ ఆచార్యునికి ఇచ్చేవారు. నియామకం తాత్కాలికం కావడం వలన బోస్‌కు అందులోనూ సగమే నిర్ణయించారు. అనగా ఐరోపా ఆచార్యుని వేతనంలో మూడవ వంతు మాత్రమే. ఈ వివక్షకు నిరసనగా బోస్ ఆ వేతనాన్ని అసలే తీసుకోలేదు. అయితే పాఠాలు మానలేదు. కుటుంబం అప్పులతో సతమతమవుతున్నా మూడు సంవత్సరాల పాటు జీతం లేకుండానే పని చేశాడు. చివరికి అధికారులు అతని ఉద్యోగాన్ని స్థిరపరచి, చేరిన నాటి నుండి పూర్తి వేతనాన్ని బకాయిలతో సహా చెల్లించారు.

1887లో అబలా దాస్‌తో వివాహం జరిగింది. కలకత్తా వైద్య కళాశాలలో అప్పటికి స్త్రీలకు ప్రవేశం లేనందున ఆమె 1882లో మద్రాసు వెళ్లి అక్కడి వైద్య కళాశాలలో కొంతకాలం చదివింది. అనారోగ్యం వలన ఆ చదువు పూర్తి కాలేదు. తరువాతి కాలంలో ఆమె స్త్రీవిద్య కొరకు కృషి చేసి, 1919లో నారీ శిక్షా సమితిని స్థాపించింది.

రేడియో తరంగాల పరిశోధన

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని జర్మనీకి చెందిన హైన్రిచ్ హెర్ట్జ్ 1887-88 సంవత్సరాలలో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. హెర్ట్జ్ 1894లో మరణించిన తరువాత అతని కృషిని వివరిస్తూ ఆలివర్ లాడ్జ్ వ్రాసిన గ్రంథం బోస్‌ను ఈ రంగం వైపు ఆకర్షించింది. కళాశాలలో తగిన ప్రయోగశాల లేదు. 24 చదరపు అడుగుల చిన్న గదిలో, స్థానికంగా దొరికిన ఒక రేకుపనివాని సహాయంతో బోస్ తన పరికరాలను తయారు చేసుకున్నాడు.

హెర్ట్జ్ వాడిన తరంగాలు చాలా పొడవైనవి. కాంతి వలెనే ఈ తరంగాలకు కూడా పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం ఉంటాయని చూపాలంటే పొడవైన తరంగాలకు పెద్ద పెద్ద పరికరాలు కావాలి. అందువలన బోస్ తరంగదైర్ఘ్యాన్ని సుమారు 5 మిల్లీమీటర్లకు తగ్గించాడు. దీనికి సరిపోయే పౌనఃపున్యం 60 గిగాహెర్ట్జ్‌లు. అప్పుడు పరికరాలన్నీ ఒక బల్ల మీద ఇమిడాయి. ధ్రువణ ప్రయోగాలకు రైల్వే టైంటేబుల్ పుస్తకం పుటల మధ్య తగరపు రేకులు పెట్టి వాడుకున్నాడు. మెలితిప్పిన జనపనారతో ధ్రువణ తలాన్ని త్రిప్పి చూపించాడు. కొమ్ము ఆకారపు యాంటెనాలు, తరంగాలను నడిపించే లోహపు గొట్టాలు కూడా ఆయన పరికరాలలో ఉన్నాయి.

1895లో కలకత్తాలో జరిగిన బహిరంగ ప్రదర్శనలో ఈ తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి, మందుగుండును పేల్చి చూపించాడు. తరంగాలు మధ్యనున్న గోడలను దాటి సుమారు 75 అడుగుల దూరం ప్రయాణించాయి. అదే సంవత్సరం మే నెలలో తన మొదటి పరిశోధనా పత్రాన్ని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి సమర్పించాడు. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డి.ఎస్‌సి. పట్టా ఇచ్చింది. 1897 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసించి, తన పరికరాల నిర్మాణాన్ని దాపరికం లేకుండా వివరించాడు. లాభం తెచ్చే రహస్యాన్ని ఇలా వెల్లడించడం అక్కడివారిని ఆశ్చర్యపరచింది.

గ్రాహకము

వైర్‌లెస్ సాధనంలో కీలకమైన భాగం గ్రాహకం, అనగా తరంగాన్ని గుర్తించే భాగం. ఆనాడు దీనికి కోహిరర్ అనే సాధనాన్ని వాడేవారు. ఇది గాజు గొట్టంలో నింపిన లోహపు రజను. తరంగం తాకగానే రజను కణాల గుండా విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. ఆ ప్రవాహంతో గంట మోగుతుంది. అయితే ఒకసారి పనిచేసిన తరువాత గొట్టాన్ని తట్టి కణాలను కదిలిస్తే గాని అది మరొక సంకేతాన్ని అందుకోలేదు.

బోస్ రజనుకు బదులు చిన్న ఉక్కు స్ప్రింగులను వాడి కోహిరర్ నిలకడను పెంచాడు. తట్టనవసరం లేకుండా తనంతట తానే పూర్వస్థితికి వచ్చే గ్రాహకాన్ని గురించి 1899లో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. అందులో ఇనుము, పాదరసం, టెలిఫోను కలిపి వాడిన విధానం ఉంది. 1901 డిసెంబరులో గూల్యెల్మో మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సంకేతం అందుకోవడానికి వాడిన పాదరసపు గ్రాహకానికి మూలం ఇదేనని కొందరు శాస్త్ర చరిత్రకారులు వాదించారు. మార్కోనీ సుదూర సమాచార ప్రసార వ్యవస్థను, దాని వ్యాపారాన్ని నిర్మించాడు. బోస్ ఆ పని చేయలేదు. ఆయన దృష్టి తరంగాల స్వభావం మీదనే ఉండేది. కనుక రేడియో పుట్టుకలో ఇద్దరి పాత్రలూ వేరువేరు. 1909 నోబెల్ బహుమతి మార్కోనీకి, ఫెర్డినాండ్ బ్రౌన్‌కు లభించింది.

పేటెంటుల పట్ల వైఖరి

శాస్త్ర జ్ఞానాన్ని సొంత ఆస్తిగా చేసుకోవడం బోస్‌కు ఇష్టం లేదు. 1901లో ఇంగ్లాండులో ఒక తంతి సంస్థ యజమాని లాభాలలో వాటా ఇస్తానని ముందుకు వచ్చినా అంగీకరించలేదు. మిత్రులైన సారా బుల్, సోదరి నివేదిత పట్టుబట్టిన మీదట గెలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికంతో చేసిన గ్రాహకానికి మాత్రం అమెరికా పేటెంటు కొరకు దరఖాస్తు చేశాడు. 1904 మార్చి 29న పేటెంటు మంజూరైంది. కాని దాని నుండి ఎట్టి లాభమూ పొందలేదు. అర్ధవాహక స్ఫటికాన్ని రేడియో తరంగాలను గుర్తించడానికి వాడినవారిలో బోస్ మొట్టమొదటివాడని తరువాతి శాస్త్రవేత్తలు గుర్తించారు.

ఈ నిర్ణయానికి రెండు వైపులా చూడవలసి ఉంది. జ్ఞానం అందరికీ అందింది. అదే సమయంలో ఆ జ్ఞానంతో వెలసిన పరిశ్రమలో ఆయన పేరు చాలాకాలం వినిపించలేదు.

నేటి గృహ సెన్సర్లతో పోలిక

తలుపు సెన్సరులో రెండు భాగాలుంటాయి. అయస్కాంతాన్ని తలుపు రెక్కకు, స్విచ్చి, రేడియో గల రెండవ భాగాన్ని ద్వారబంధానికి బిగిస్తారు. తలుపు మూసి ఉన్నప్పుడు ఇవి ఎదురెదురుగా, దగ్గరగా ఉండాలి. తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమై స్విచ్చి స్థితి మారుతుంది. వెంటనే రేడియో సంకేతం ఇంటిలోని కేంద్ర పరికరానికి చేరుతుంది. అది గంట మోగించడమో, యజమాని ఫోనుకు తెలపడమో చేస్తుంది. తలుపు మూయగానే స్విచ్చి తనంతట తానే పూర్వస్థితికి వస్తుంది. చాలా సెన్సర్లలో ఉండే రీడ్ స్విచ్చిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్వుడ్ 1936లో రూపొందించాడు. దీనికి బోస్‌తో సంబంధం లేదు. పోలిక తీగ లేని సంకేతంలోనూ, తనంతట తాను సిద్ధమయ్యే గుణంలోనూ ఉంది.

సెన్సరును బిగించే ముందే కేంద్ర పరికరంతో జతపరచి, తరువాత దాని స్థానంలో ఉంచి తలుపు తీసి మూసి పరీక్షించాలి. ఇనుప తలుపులు అయస్కాంత బలాన్ని, రేడియో సంకేతాన్ని కూడా తగ్గించగలవు. అటువంటి చోట సెన్సరు క్రింద చిన్న ప్లాస్టిక్ దిమ్మె పెట్టడం మేలు. ఈ సెన్సర్లలో అనేకం 2.4 గిగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేస్తాయి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. గదిలో మనిషి ఉన్నాడా లేదా అని గుర్తించే కొన్ని రాడార్ సెన్సర్లు మాత్రం బోస్ వాడిన 60 గిగాహెర్ట్జ్‌ల ప్రాంతంలోనే పనిచేస్తున్నాయి.

జీవ, నిర్జీవ ప్రతిస్పందనలు

ఎడతెగకుండా వాడినప్పుడు కోహిరర్ సున్నితత్వం తగ్గుతుందని, కొంత విశ్రాంతి తరువాత తిరిగి పెరుగుతుందని బోస్ గమనించాడు. ఇది అలసిన కండరం ప్రవర్తన వలె ఉన్నదని ఆయనకు తోచింది. ఈ పరిశీలనే ఆయనను లోహాల నుండి మొక్కల వైపు మళ్ళించింది. 1900లో పారిస్ అంతర్జాతీయ భౌతిక శాస్త్ర సమావేశంలో ఈ విషయాన్ని ప్రతిపాదించాడు. 1902లో జీవ, నిర్జీవ పదార్థాల ప్రతిస్పందనల మీద గ్రంథం ప్రచురించాడు.

ఇంగ్లాండులోని శరీరధర్మ శాస్త్రవేత్తలు కొందరు ఆయనను తీవ్రంగా వ్యతిరేకించారు. బోస్ వెనుదీయక, అత్తిపత్తి వంటి మొక్కలపై సుదీర్ఘ పరిశోధనలు చేశాడు. మొక్కల పెరుగుదలను వేలరెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్‌ను నిర్మించాడు. మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రసరిస్తాయన్న విషయాన్ని తరువాతి పరిశోధనలు బలపరచాయి. మొక్కలలో నీరు పైకి ఎగబ్రాకడానికి కణాల స్పందనే కారణమన్న ఆయన సిద్ధాంతం మాత్రం ఆమోదం పొందలేదు.

బోస్ సంస్థ, చివరి దినాలు

1915లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి పదవీ విరమణ చేశాడు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా అక్కడ ఆయన శిష్యులు. 1917 నవంబరు 30న, తన 59వ పుట్టినరోజున, కలకత్తాలో బోస్ సంస్థను ప్రారంభించాడు. దీనిని జ్ఞాన మందిరంగా భావించి, ఇక్కడి ఆవిష్కరణలు పేటెంటు లేకుండా ప్రజల సొత్తు కావాలని సంకల్పించాడు. 1917లో సర్ బిరుదు లభించింది. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు.

బోస్ బెంగాలీలో తొలి విజ్ఞాన కల్పనా కథకులలో ఒకడు. తలనూనెతో తుపానును శాంతింపజేసే కథను 1896లో వ్రాశాడు. దానిని విస్తరించి 1921లో అవ్యక్త అనే సంపుటిలో చేర్చాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనకు ఆప్తమిత్రుడు.

1937 నవంబరు 23న గిరిడీలో మరణించాడు. ఈ పట్టణం ప్రస్తుతం జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది.

గుర్తింపు

చంద్రుని ఆవలి వైపున ఒక బిలానికి బోస్ పేరు పెట్టారు. హౌరాలోని భారతీయ వృక్షశాస్త్ర ఉద్యానవనానికి 2009లో ఆయన పేరు చేర్చారు. మిల్లీమీటరు తరంగాలతో ఆయన చేసిన తొలి ప్రయోగాలను ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 2012లో సాంకేతిక చరిత్రలో మైలురాయిగా గుర్తించింది. కలకత్తాలో గంట మోగిన 117 సంవత్సరాలకు ఈ గౌరవం లభించింది.