లియో ఫెండర్

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) విద్యుత్ గిటార్లను, వాల్వు యాంప్లిఫయర్లను రూపొందించి ప్రసిద్ధి చెందిన అమెరికా దేశస్థుడు. లియో ఫెండర్‌గా సుపరిచితుడు. వృత్తిరీత్యా రేడియో మరమ్మతుదారుడైన ఈయనకు గిటారు వాయించడం రాదు.

బాల్యము, ఉద్యోగము

ఫెండర్ కాలిఫోర్నియా రాష్ట్రంలో అనాహైమ్ సమీపాన పండ్లతోటలు సాగుచేసే కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే ఒక కన్ను కోల్పోయాడు. చిన్నప్పటి నుండి రేడియోలపై ఆసక్తి ఉన్నా, ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో అకౌంటెన్సీ చదివి ఆ వృత్తిలో చేరాడు. ఆర్థిక మాంద్యం కాలంలో ఉద్యోగం పోవడంతో 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు.

వాద్యాల తయారీ

దుకాణానికి మరమ్మతు కోసం వచ్చే యాంప్లిఫయర్ల లోపాలను గమనించి, తానే వాటిని తయారుచేయనారంభించాడు. 1945లో డాక్ కాఫ్‌మన్‌తో కలిసి ఒక సంస్థను, 1946లో సొంత సంస్థను స్థాపించాడు. టెలికాస్టర్ (1951), ప్రెసిషన్ బాస్ (1951), స్ట్రాటోకాస్టర్ (1954) గిటార్లు ఈయనకు పేరు తెచ్చాయి. ఈయన రూపొందించిన బాస్‌మన్ యాంప్లిఫయరు ఆధారంగానే ఇంగ్లండులో మార్షల్ సంస్థ తన తొలి యాంప్లిఫయరును తయారుచేసింది.

యాంప్లిఫయర్లు, రొద

ఫెండర్ యాంప్లిఫయర్లలో విడిభాగాలను ఒక ఫైబరు పలకపై వరుసగా అమర్చేవారు. చెడిన భాగాన్ని సులభంగా మార్చవచ్చును. పెట్టె లోపల ఏ వాల్వు ఎక్కడ ఉండాలో తెలిపే పట్టిక అతికించేవారు.

ఇటువంటి యాంప్లిఫయర్లలో తరచుగా ఎదురయ్యే సమస్య రొద. ఇది రెండు రకాలు. విద్యుత్ లోపం వలన కలిగే రొద స్పీకరు నుండి వస్తుంది. యాంత్రికమైన రొద ట్రాన్స్‌ఫార్మరు నుండే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుప రేకులు అయస్కాంత ప్రభావం వలన అతిస్వల్పంగా సాగి, కుదించుకుపోతుంటాయి. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్ కనుక ఈ కంపనం సెకనుకు 120 సార్లు, భారతదేశంలో 100 సార్లు జరుగుతుంది. స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు ఒకే చెక్కపెట్టెలో ఉన్నప్పుడు ఆ పెట్టె కూడా కంపించి, రొద ఎక్కడిదో తెలియదు. అప్పుడు స్టాండ్‌బై స్విచ్చి ఉపయోగపడుతుంది. దానితో వాల్వులకు అధిక వోల్టేజి ఆపినపుడు స్పీకరు మౌనం వహిస్తుంది. అయినా రొద వినిపిస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మరుదే. బిగింపు బోల్టులు వదులైతే బిగించాలి. బిగించినా తగ్గక, ట్రాన్స్‌ఫార్మరు మితిమీరి వేడెక్కుతుంటే, చెడిన వాల్వో, షార్టు సర్క్యూటో అధిక విద్యుత్తును లాగుతూ ఉండవచ్చు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి మిగిలి ఉంటుంది కనుక ఈ పని తెలిసినవారే చేయాలి. స్పీకరు తీసివేసి యాంప్లిఫయరును నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పాడయ్యే ప్రమాదముంది.

చివరి దశ

అనారోగ్య కారణాల వలన 1965లో ఫెండర్ తన సంస్థను సి.బి.ఎస్.కు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించాడు. తరువాత మ్యూజిక్ మ్యాన్, జి అండ్ ఎల్ సంస్థలలో కొత్త వాద్యాలు రూపొందించాడు. పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతూ కూడా పని మానలేదు. 1991లో ఫుల్లర్టన్‌లో మరణించాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయనకు స్థానం లభించింది.