ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి: కాలా అజార్‌కు మందు ముందు దొరికింది, దాని మర్మం తర్వాత తెలిసింది

కోల్‌కతాలోని సియాల్దా రైల్వే స్టేషన్ సమీపంలో ఉన్న నీల్ రతన్ సర్కార్ వైద్య కళాశాలకు పూర్వం క్యాంప్‌బెల్ మెడికల్ స్కూల్ అని పేరు. గ్యాస్ సదుపాయం గానీ, కుళాయి నీరు గానీ లేని అక్కడి ఒక చిన్న గదిలో, కిరోసిన్ దీపపు వెలుగులో, ఒక వైద్యుడు ఏళ్ల తరబడి ప్రయోగాలు సాగించారు. 1920లో ఆ గదిలోనే యూరియా స్టిబమైన్ అనే ఔషధం రూపుదిద్దుకుంది. ఆ వైద్యుడు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి.

బెంగాల్, అస్సాం, బిహార్ గ్రామాలను ఆనాడు కాలా అజార్ తుడిచిపెడుతోంది. జ్వరం వారాల తరబడి విడవదు. ఒళ్లు శుష్కించిపోతుంది, చర్మం నల్లబడుతుంది, ప్లీహం ఉబ్బి పొట్ట ముందుకు వస్తుంది. ప్లీహం ఇలా పెరగడాన్నే తెలుగు పల్లెల్లో పెద్దలు కడుపులో బల్ల అనేవారు. చికిత్స అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది మరణించేవారు.

ఈ వ్యాధి కారకాన్ని గుర్తించిన కథ కూడా కోల్‌కతా శివార్లలోని డమ్‌డమ్ నుంచే మొదలవుతుంది. అక్కడి సైనిక స్థావరంలో జబ్బుపడి, ఇంగ్లండ్‌లో మరణించిన ఒక సైనికుడి ప్లీహంలో విలియం లీష్‌మన్ సూక్ష్మమైన కణాలను చూశారు. 1903లో ఆయన ఆ సంగతి ప్రచురించగా, అదే ఏడాది మద్రాసులో చార్లెస్ డోనోవన్ వాటినే రోగుల ప్లీహంలో కనుగొన్నారు. ఆ పరాన్నజీవికి ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనోవాని అని నామకరణం చేశారు. శత్రువు ఎవరో తెలిసింది. ఆయుధం మాత్రం లేదు.

గణితం, రసాయనం, వైద్యం

బ్రహ్మచారి 1873లో జన్మించారు. తండ్రి నీలమణి బ్రహ్మచారి జమాల్‌పూర్‌లో రైల్వే వైద్యులు. హుగ్లీ కళాశాలలో గణితం, రసాయన శాస్త్రం అభ్యసించిన ఉపేంద్రనాథ్, ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన శాస్త్రంలోనే ఎం.ఏ. పూర్తిచేశారు. ఆపైన వైద్య విద్యలో ప్రవేశించి ఎం.డి. పట్టా పొందారు. 1904లో రక్తకణాల విచ్ఛిత్తిపై పరిశోధనకు పీహెచ్‌డీ లభించింది. ఢాకాలో కొన్నాళ్లు బోధించి 1905లో క్యాంప్‌బెల్ స్కూల్‌కు వచ్చారు. రోగి మంచం పక్కన నిలబడే వైద్యుడికి రసాయన శాస్త్రం కూడా చేతిలో ఉండటం అరుదు. తర్వాత జరిగినదంతా ఆ కలయిక ఫలమే అనుకోవచ్చు.

అప్పటికి అందుబాటులో ఉన్నది టార్టార్ ఎమెటిక్ అనే యాంటిమొనీ లవణం. సుర్మాలో ఒకప్పుడు వాడిన లోహమే ఈ యాంటిమొనీ. 1915లో లియోనార్డ్ రోజర్స్ కోల్‌కతాలోనే దాన్ని కాలా అజార్ రోగులపై ప్రయోగించారు. పనిచేసింది, కానీ నెలల తరబడి సూదిమందు పొడవాలి. వాంతులు, దగ్గు, గుండెపై దుష్ప్రభావం. పరాన్నజీవికి పెట్టిన విషం రోగిని కూడా కాటేస్తోంది. లోహాన్ని సేంద్రియ అణువులో బంధిస్తే ఆ కాటు తగ్గుతుందని భావించిన బ్రహ్మచారి, ఒక్కొక్క సమ్మేళనాన్నే తయారుచేసి పరీక్షించారు. చివరకు యూరియాతో కూడిన రూపం ఫలించింది. 1922లో ఆయన తొలి రోగుల ఫలితాలను ప్రచురించారు. నెలల చికిత్స రెండు మూడు వారాలకు తగ్గింది. అస్సాంలో ఈ మందును విస్తృతంగా వినియోగించారు.

తాళంలో ఇరుక్కున్న పుల్ల

మందు ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. జీవకణంలోని దాదాపు ప్రతి రసాయన చర్యనూ ఎంజైమ్‌లు వేగవంతం చేస్తాయి. ఎంజైమ్‌లో చర్య జరిగే చోటును కొన్ని పదార్థాలు ఆక్రమించి, అసలు అణువుకు తావివ్వవు. వీటినే నిరోధకాలు అంటారు. కొన్ని కాసేపు అడ్డుపడి తొలగిపోతాయి. అలాంటప్పుడు అసలు అణువుల సంఖ్య పెరిగితే చర్య మళ్లీ పుంజుకుంటుంది. మరికొన్ని తాళంలో విరిగిన పుల్లలా గట్టిగా బిగుసుకుపోతాయి.

కాలా అజార్ పరాన్నజీవి మనిషి రక్షక కణాల్లోనే తిష్ఠవేస్తుంది. ఆ కణాలు దాన్ని చంపేందుకు విడుదలచేసే తీవ్ర రసాయనాల నుంచి తప్పించుకోవడానికి ట్రైపనోథయోన్ అనే పదార్థంపై ఆధారపడుతుంది. దాన్ని నిత్యం పనిచేసే స్థితిలో ఉంచే ఎంజైమ్ పరాన్నజీవికే ప్రత్యేకం, మనిషిలో లేదు. యాంటిమొనీ శరీరంలో చురుకైన రూపానికి మారి, గంధకం ఉన్న చోట అతుక్కుని ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కవచం జారిపోతుంది. పరాన్నజీవి శక్తి ఉత్పత్తిని కూడా యాంటిమొనీ దెబ్బతీస్తుందన్న ఆధారాలున్నాయి కనుక ఇదొక్కటే కారణం అనలేం. ట్రైపనోథయోన్‌ను శాస్త్రవేత్తలు గుర్తించింది 1985లో. అప్పటికి ఆ మందు పుట్టి 65 ఏళ్లు.

ఇదే సూత్రాన్ని మరో దారిలో వినియోగించిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ అణువు అమినోప్టెరిన్‌ను ఆ బృందం అమెరికాలో రూపొందించింది. అది ఎంజైమ్‌ను మోసగించి లుకేమియా కణాల విభజనను అడ్డుకుంది. బ్రహ్మచారి చీకట్లో తడుముకుంటూ చేరిన చోటుకు, సుబ్బారావు బృందం పోలికను చూసుకుంటూ చేరింది. ఇద్దరికీ నోబెల్ దక్కలేదు.

1929లో బ్రహ్మచారి పేరు వైద్య నోబెల్‌కు ప్రతిపాదితమైంది. ఆ ఏడాది బహుమతి విటమిన్ల పరిశోధకులు ఐక్‌మన్, హాప్కిన్స్‌లకు వెళ్లింది. 1934లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1936లో ఇండోర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1946 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

తర్వాతి దశాబ్దాల్లో బిహార్‌లోని పరాన్నజీవులు యాంటిమొనీని తట్టుకోవడం నేర్చుకున్నాయి. నేడు భారత్‌లో కాలా అజార్‌కు వాడుతున్న ప్రధాన ఔషధం వేరు. అది కొవ్వు బిందువుల్లో చుట్టిన ఆంఫోటెరిసిన్.