అరవై ఒకటో ఏట 875 కిలోమీటర్లు – క్లిఫ్ యంగ్ జీవిత విశేషాలు



ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి వ్రాయమని మన సంఘం వారు కోరారు. దేశ నాయకులను గురించి, మహాకవులను గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆస్ట్రేలియా దేశపు బంగాళాదుంపల రైతు ఒకరిని గురించి వ్రాయదలచాను. ఆయన పేరు ఆల్బర్ట్ ఎర్నెస్ట్ క్లిఫర్డ్ యంగ్. లోకానికి క్లిఫ్ యంగ్ గా పరిచయం.

1983 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 55 నిండినవారు ఆ నెలాఖరుకే ఇంటిదారి పట్టారు. నేనప్పుడు గుమాస్తాను. నిన్నటిదాకా మాకు నోట్ ఫైలు వ్రాయడం నేర్పిన పెద్దలు ఒక్క రోజులో పనికి రానివారైపోతారా అన్న ప్రశ్న మా సెక్షన్లో అందరికీ కలిగింది. ఆ తరువాత రెండు నెలలకే, ఏప్రిల్ చివరలో, 61 ఏళ్ళ క్లిఫ్ యంగ్ సిడ్నీలో పరుగు మొదలుపెట్టారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని ఆయన కథ తరువాత ఎప్పుడో చదివినప్పుడు నాకు ముందుగా ఆ సంవత్సరమే కంటబడింది.

క్లిఫ్ యంగ్ 1922 ఫిబ్రవరి 8న జన్మించారు. విక్టోరియా రాష్ట్రంలో ఓట్వే కొండల్లోని బీచ్ ఫారెస్ట్ ఆయన ఊరు. ఏడుగురు సంతానంలో మూడవవారు. సుమారు 2000 ఎకరాల పొలం, రెండు వేల గొర్రెలు ఉన్నాయంటే పెద్ద ఆసామి అనుకుంటాము. కాని గుర్రాలను గాని, మోటారు బండ్లను గాని కొనే స్తోమత ఆ కుటుంబానికి లేదు. తుఫాను వచ్చే సూచన కనబడితే కొండల్లో మేస్తున్న గొర్రెలను కాలినడకనే తోలుకు రావాలి. కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని రెండు మూడు రోజులు వాటి వెంట పరుగెత్తిన సందర్భాలు ఉన్నాయని ఆయన చెప్పేవారు. మద్య మాంసాలకు పేరుబడిన దేశంలో ఉండి కూడా 1973 నుండి చివరిదాకా శాకాహారిగానే ఉన్నారు.

ఈయన కథ ఇప్పుడు సెల్ ఫోన్లలో రకరకాలుగా తిరుగుతున్నది. ఎవరికీ తెలియని ముసలాయన పొలం నుండి నేరుగా పందానికి వచ్చి, అసలు నిద్రే పోకుండా గెలిచాడని అందులో ఉంటుంది. జరిగింది అది కాదు. అంతకు ముందు సంవత్సరమే, అంటే 1982లో, నెలల తరబడి సాధన చేసి, కోలాక్ పట్టణంలోని మెమోరియల్ స్క్వేర్ లో వెయ్యి మైళ్ళ ప్రపంచ రికార్డు కోసం ఆయన ప్రయత్నించారు. 805 కిలోమీటర్లు పూర్తిచేసి, సగం దాటిన కొద్దిసేపటికే ఆపివేయవలసి వచ్చింది. తనకు, తనకు సాయంగా నిలిచిన బృందానికి కూడా అనుభవం చాలలేదని, తగిన సన్నాహం లేదని ఆయన తరువాత ఒప్పుకున్నారు. నేను ఈ మాటను ముఖ్యంగా గమనించాను. లోపం తన కాళ్ళలో ఉందనో, తన వయస్సులో ఉందనో ఆయన అనలేదు.

ఇంత దూరాల పరుగులో సాయం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. పరుగెత్తేవారి వెనుక ఒక బండి వస్తుంది. అందులో నలుగురు మనుషులు ఉంటారు. వేళకు తిండి, నీరు అందించడం, పాదాలు బొబ్బలెక్కితే కట్టు కట్టడం, కాళ్ళు పట్టడం, రాత్రి లారీల మధ్య దీపాలతో కాపలా కాయడం, ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో చూడడం వారి పని. పరుగెత్తేవారికి మూడో రోజుకే పగలూ రాత్రీ తేడా తెలియని స్థితి వస్తుంది. అప్పుడు ఆలోచన కూడా వెనుక బండిలోని వారే చేయాలి.

1983 పందెం సిడ్నీ దగ్గర పారమట్టా నుండి మెల్‌బోర్న్ లోని డాన్‌కాస్టర్ వరకు, 875 కిలోమీటర్లు. మన హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ విజయవాడ చేరినా ఇంకా కొంత మిగిలే దూరం. మిగిలినవారందరూ ఆయన కంటే చిన్నవారు, వేగం గలవారు. మొదటి రోజు క్లిఫ్ యంగ్ బాగా వెనుకబడ్డారు. పాదాలు నేలమీద నుండి పెద్దగా ఎత్తకుండా, ఈడుస్తున్నట్టుగా సాగే ఆయన పరుగు చూసి నవ్వినవారు ఉన్నారు. మొదటి రాత్రి ఆయనను నిద్ర లేపడంలో బృందంవారు పొరపడి, అనుకున్న వేళకు చాలా ముందే, చీకట్లోనే లేపారు. లేచినాయన మారుమాట లేకుండా రోడ్డు మీదకు వెళ్ళారు. ఆ పొరపాటే వరమైంది. మిగిలినవారు నిద్రలో ఉండగా ఆయన ముందుకు వెళ్ళిపోయారు. తక్కువ నిద్ర, నిదానమైన అడుగు, ఆగని పరుగు. ఆ తరువాత ఇదే పద్ధతి అయింది. 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో గమ్యం చేరి ప్రథములుగా నిలిచారు. సగటున రోజుకు 155 కిలోమీటర్లు. ఆ ఈడ్పు పరుగు వల్ల శరీరానికి శ్రమ తక్కువని గ్రహించి, తరువాత కొందరు దూరపు పరుగువారు దానినే నేర్చుకున్నారు. ఆ పరుగుకు ఆయన పేరే నిలిచింది.

మొదటి బహుమతి పది వేల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ సొమ్మును ఆయన తన వద్ద ఉంచుకోక తోటివారికి పంచివేశారు. వారూ తనంత కష్టపడ్డారన్నది ఆయన అభిప్రాయం. మరుసటి సంవత్సరం ఆస్ట్రేలియా ప్రభుత్వం పతకంతో గౌరవించింది. ఆయన పేరున కోలాక్ లో ఆరు రోజుల పరుగు పందెం ఏళ్ళ తరబడి జరిగింది. బీచ్ ఫారెస్ట్ లో ఆయన జ్ఞాపకార్థం పెద్ద రబ్బరు బూటు నిలబెట్టారు.

1997లో, 75 ఏళ్ళ వయస్సులో, ఇల్లులేని పిల్లలకు విరాళాలు సేకరించడానికి ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టి రావాలని బయలుదేరారు. మొత్తం 16,000 కిలోమీటర్లు. 6,520 కిలోమీటర్లు వెళ్ళిన తరువాత ఆగిపోయారు. కారణం ఆయన ఆరోగ్యం కాదు. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్న సహాయకుడు ఒక్కరే. ఆ ఒక్కరూ జబ్బుపడ్డారు. ఇక ముందుకు సాగడం కుదరలేదు. క్లిఫ్ యంగ్ క్యాన్సర్‌తో బాధపడి 2003 నవంబరు 2న, 81వ ఏట కన్నుమూశారు.

ఈ మూడు పరుగులను పక్కపక్కన పెట్టి చూడండి. సహాయకులకు అనుభవం లేనప్పుడు 805 కిలోమీటర్ల వద్ద ఆగారు. వారు కుదురుకున్న తరువాత గెలిచారు. ఉన్న ఒక్కరూ పడిపోయినప్పుడు మళ్ళీ ఆగారు. మూడుసార్లూ ఆ కాళ్ళు అవే. వయస్సు మీద పడిన మనిషి ఎంత దూరం వెళ్ళగలడన్నది అతని సత్తువ ఒక్కటే నిర్ణయించదు.

మనలో కొందరికి సాయం అడగడమంటే చిన్నతనం. మోకాళ్ళు నొప్పులున్నా ఖజానా కార్యాలయం మెట్లు ఒంటరిగానే ఎక్కుతారు. కంటి ఆపరేషన్ కు కూడా ఎవరికీ చెప్పకుండా వెళతారు. సాయం తీసుకున్నందువల్ల క్లిఫ్ యంగ్ గెలుపు ఎవరికీ తక్కువగా తోచలేదు. కనుక అవసరమైనవారు మొహమాటం లేకుండా అడగాలి. ఓపిక ఉన్నవారు అడగకముందే వెళ్ళాలి. తోడుగా ఒక్కరే ఉంటే చాలదని 1997 చెబుతున్నది. అందుచేత ప్రతి వీధిలోను ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి, ఒంటరిగా ఉన్న పెన్షనర్ల మంచిచెడ్డలు చూసే ఏర్పాటు మన సంఘం చేస్తే బాగుంటుందని నా మనవి. ఆ జాబితాలో మొదట నా పేరు వ్రాసుకోవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.