ఊపిరి చూడమన్న డాక్టర్ లారీ

చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల నుంచి ఉస్మానియా ఆస్పత్రికి ఆపరేషన్ కోసం వెళ్ళినవారు ఎందరో. మూసీ ఒడ్డున దానికి ముందు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 వరదలో అది ధ్వంసమైంది. మన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టించినది కూడా ఆ వరద తర్వాతనే.

ఆ ఆస్పత్రికి పేరు తెచ్చిన వ్యక్తి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఎడింబరోలో చదివి, 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చారు. వైద్య పాఠశాలను కూడా ఆయనే నడిపారు.

ఆనాడు ఆపరేషన్లకు క్లోరోఫాం వాసన చూపి మత్తు ఇచ్చేవారు. నొప్పి తెలిసేది కాదు గాని, కొందరు బల్లమీదనే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెా, ఊపిరా అన్నది పెద్ద తగవు. లారీ 1888లో కుక్కలపై పరీక్షలు జరిపి, ఊపిరే అన్నారు. లండన్ వైద్యులు ఒప్పుకోలేదు. ఆరవ నిజాం వెయ్యి పౌండ్లు ఇవ్వగా, 1889లో లాడర్ బ్రంటన్ అక్కడి నుంచి వచ్చి పరీక్షల్లో పాల్గొన్నారు. మళ్ళీ అదే తేలింది.

నాడి కాదు, ఊపిరి కనిపెట్టి ఉండాలని లారీ శిష్యులకు నేర్పారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందారు.

అయితే లారీ చెప్పినది సగమే నిజం. మత్తు చాలనప్పుడు క్లోరోఫాం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపారు. క్రమంగా ఆ మందు వాడకం పోయింది. నేడు ఊపిరి, గుండె రెండూ చూస్తారు.

రోగి వంతు కూడా ఉంది. వాడుతున్న మందులు, పడని మందులు ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి.