సుందరమూర్తి నాయనారు

చెన్నైకి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న తిరువొత్తియూరు ప్రాచీన శైవక్షేత్రం. ఇక్కడి త్యాగరాజస్వామి ఆలయంలో ఒక పొగడచెట్టు ఉంది. తమిళులు దీనిని మగిళమరం అంటారు. ఏటా మాసి నెలలో జరిగే బ్రహ్మోత్సవాలలో మగిళడి సేవ జరుపుతారు. పూర్వం ఒక కవి ఈ చెట్టు ఎదుట వేసిన ఒట్టును ఆ సేవ గుర్తుకు తెస్తుంది. ఆ కవి సుందరమూర్తి నాయనారు.

ఆయన అరవైముగ్గురు నాయనార్లలో ఒకడు. క్రీ.శ. 8వ శతాబ్దం వాడని పలువురి అభిప్రాయం. ఆయన పాటలు తేవారంలో చేరాయి. ఆయన కథను 12వ శతాబ్దంలో చేక్కిళారు పెరియపురాణంలో విపులంగా చెప్పాడు. తెలుగువారికీ ఈ కథ కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో నంబి కథ ఉంది. ఆ నంబి ఈయనే.

పూర్వపు దక్షిణార్కాటు ప్రాంతంలోని తిరునావలూరులో ఒక శైవ బ్రాహ్మణ కుటుంబంలో నంబి జన్మించాడు. ముద్దులొలికే ఆ బాలుణ్ణి చూసి, ఆ ప్రాంతపు పాలకుడు నరసింగ మునైయరయరు తన ఇంట పెంచుకున్నాడు. వయసు రాగానే పుత్తూరులో పెళ్లి కుదిరింది. పందిట్లో అంతా సిద్ధమైంది. అప్పుడొక ముసలి బ్రాహ్మణుడు కర్ర ఊతగా వచ్చి నిలిచాడు. ఈ పెళ్లికొడుకు తన బానిస అని, ఇతని తాత తనకు పత్రం రాసి ఇచ్చాడని అందరి ఎదుటా చెప్పాడు.

పందిట్లోని వారు నవ్వారు. బ్రాహ్మణుడు మరొక బ్రాహ్మణునికి బానిస కావడం ఎక్కడా లేదన్నారు. నంబి ఆయనను పిచ్చివాడన్నాడు. అంతటితో ఆగక, ముసలివాని చేతిలోని తాటాకును లాక్కొని చింపివేశాడు. అది తొందరపాటు. పత్రం నిజం కాకపోతే దానిని చింపవలసిన అవసరమేమిటని చూసేవారికి అనుమానం కలగదా? ముసలివాడు తన ఊరు తిరువెణ్ణైనల్లూరని చెప్పి, అక్కడి సభ ముందు వ్యాజ్యం పెట్టాడు.

ఆ సభవారు ఏం చేశారో గమనించాలి. నంబిని అడిగితే ఇదంతా మాయలా ఉందని, తనకేమీ తెలియడం లేదని అన్నాడు. తాను బానిసను కానని రుజువు చేయమని సభవారు అతనిని అడగలేదు. లేని పత్రాన్ని, జరగని సంగతిని ఎవరు మాత్రం ఎలా చూపగలరు? ఉన్నదనేవాడే ఉన్నదానిని చూపాలి. అందుకే ఆ భారాన్ని వాది మీదనే పెట్టారు. వాడుకలో ఉన్న అనుభవం, రాసిన పత్రం, చూసిన సాక్షి - ఈ మూడింటిలో ఏదో ఒకటి చూపమన్నారు. యాజ్ఞవల్క్య స్మృతి చెప్పిన ప్రమాణాలూ ఈ మూడే. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరము అనే పేరుతో తెనిగించాడు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఇదే సూత్రం ఉంది. ఒక సంగతి ఉన్నదని చెప్పి తీర్పు కోరేవాడే దానిని రుజువు చేయాలి.

ముసలివాడు తడబడలేదు. నంబి చింపినది నకలు మాత్రమేనని, అసలు తన దగ్గర భద్రంగా ఉన్నదని చెప్పాడు. దానికి హాని జరగకుండా చూస్తామని సభవారు మాట ఇచ్చారు. కరణం దానిని విప్పి చదివాడు. తానూ తన సంతతివారూ వెణ్ణైనల్లూరు పిత్తనుకు సేవ చేస్తామని నంబి తాత అందులో రాసి ఉన్నాడు. సాక్షులు తమ సంతకాలను గుర్తుపట్టారు. అయినా సభవారు తృప్తిపడక, తాత రాసిన మరొక పత్రాన్ని తెప్పించి దస్తూరి పోల్చి చూశారు. రెండూ ఒకే చేతిరాత. నంబి ఓడిపోయాడని తీర్పు చెప్పారు. తాత రాసిన రాత మనుమణ్ణి బానిసను చేయడం నేటి న్యాయానికి సమ్మతం కాదు. మన దేశంలో వెట్టిచాకిరీ 1976 చట్టంతో రద్దయింది. ఆ రోజుల్లో మాత్రం అది చెల్లింది.

ఇక ముసలివాని ఇల్లు చూపమన్నారు. ఆయన నడిచి వెళ్లి ఊరి శివాలయంలో ప్రవేశించి అదృశ్యమయ్యాడు. వాది శివుడేనని నంబికి అప్పుడు తెలిసింది. దేవుడైనా సరే సభలో పత్రం చూపక తప్పలేదు. స్వామి తనను పాడమనగా, పిచ్చివాడా అని తాను తిట్టిన మాటతోనే నంబి తొలి పాట మొదలుపెట్టాడు.

తరువాత నంబి తిరువారూరులో పరవైని పెళ్లాడాడు. క్షేత్రాలు తిరుగుతూ తిరువొత్తియూరు వచ్చి, స్వామికి పూలమాలలు కట్టే సంగిలిని చూసి మనసుపడ్డాడు. స్వామి ఆమెకు కలలో కనిపించి నంబి సంగతి చెప్పాడు. అతనికి తిరువారూరులో భార్య ఉన్నదని, తనను విడిచిపోడని నమ్మకమేమిటని ఆమె సందేహించింది. స్వామి ఒట్టు వేయించుకొమ్మన్నాడు. విడిచిపోననే మాట నంబిది. దానికి పూచీ చూపవలసినదీ అతడే.

నంబి ఒక ఉపాయం పన్నాడు. గర్భగుడిలో ఒట్టు వేసే సమయానికి పొగడచెట్టు కిందికి వెళ్లి ఉండమని స్వామిని వేడుకున్నాడు. స్వామి సరేనని, ఆ సంగతి సంగిలికీ కలలో చెప్పాడు. తెల్లవారగానే నంబి గుడిలోకి పోబోయాడు. చెలికత్తెలు అడ్డుపడి, స్వామి ఎదుట ఒట్టు వద్దని, పొగడచెట్టు ఎదుటనే వేస్తే చాలునని అన్నారు. నంబికి దిక్కుతోచలేదు. అక్కడే ఒట్టు వేశాడు.

వసంతం వచ్చింది. తిరువారూరు ఉత్సవం, పరవై నాట్యం గుర్తుకు వచ్చాయి. నంబి ఒత్తియూరు పొలిమేర దాటాడు. రెండు కళ్లూ పోయాయి. ఇక్కడ పత్రం లేదు, కరణం లేడు, దస్తూరి పోల్చేవారు లేరు. తడుముకుంటూ, పాడుకుంటూ సాగిన నంబికి తిరువెణ్పాక్కంలో ఒక ఊతకర్ర దొరికింది. కాంచీపురంలో ఎడమ కన్ను, తిరువారూరులో కుడి కన్ను తిరిగి వచ్చాయి.

పరవై ఇంట్లోకి రానివ్వలేదు. ఆమెను సమాధానపరచడానికి స్వామి రెండుసార్లు రాయబారం నడపవలసి వచ్చింది. ఒత్తియూరు పెళ్లి సంగతి ఆమెకు ముందే తెలిసింది. ఈసారి కాదనడానికి నంబికి ఏమీ లేకపోయింది.