కార్ల్ విల్‌హెల్మ్ షీలే: ప్రాణవాయువు, ప్రాణాంతక విషం

బంగారం మీద మోహం మానవజాతికి అనాదిగా ఉన్నది. ఇనుమును బంగారంగా మార్చే పరుసవేది కోసం మన దేశంలో ఎందరో సిద్ధులు కొండలు, అడవులు పట్టి తిరిగారని కథలున్నాయి. వేమన సైతం తొలినాళ్లలో ఆ స్వర్ణవిద్యను వెదికినవాడేనని జనశ్రుతి. అరబ్బు దేశాలలో ఆ అన్వేషణ పేరు కీమియా. ఉర్దూలో రసాయన శాస్త్రానికి నేటికీ ఆ పేరే నిలిచి ఉన్నది. ఆ అన్వేషకులలో ఎవ్వరూ బంగారాన్ని సృష్టించలేకపోయారు. అయితే రాతిలో కంటికి కనిపించకుండా దాగిన బంగారాన్ని నీటిలోనికి కరిగించి వెలికితీసే విద్య మాత్రం కాలక్రమేణా మానవునికి పట్టుబడింది. ఆ విద్యకు రెండు పదార్థాలు మూలం. ఒకటి మనం పీల్చే ప్రాణవాయువు. రెండవది నిమిషాలలో ప్రాణం తీయగల విషం. ఆ రెండింటినీ వేరుచేసి చూసిన వ్యక్తి ఒక్కడే. ఆయన స్వీడన్ దేశంలో ఒక చిన్న పట్టణంలో మందుల దుకాణం నడుపుకొన్న కార్ల్ విల్‌హెల్మ్ షీలే.

తెలుగు పాఠం చెప్పుకొనే నావంటివాడు రసాయన శాస్త్రవేత్త జీవితాన్ని గురించి రాయబూనడం సాహసమే. అయినా సైన్సు విద్యార్థులు పాఠ్యగ్రంథంలో పేరు మాత్రం చదివి దాటిపోయే ఈ మహనీయుని కథలో సాహిత్య విద్యార్థులు సైతం ఆలోచింపదగిన విషయం ఉన్నదని తోచి ఈ ప్రయత్నానికి పూనుకొన్నాను.

షీలే 1742 డిసెంబరులో బాల్టిక్ సముద్రతీరాన గల స్ట్రాల్‌సుండ్ పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం నేడు జర్మనీలో ఉన్నది. ఆనాడు అది స్వీడన్ ఏలుబడిలో ఉండేది. తండ్రి వర్తకుడు. పదకొండుగురు సంతానంలో షీలే ఏడవవాడు. బడిచదువు కొద్దిపాటిదే. విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా కూర్చునే భాగ్యం ఆయనకు ఏనాడూ కలుగలేదు. పదునాలుగేళ్ల ప్రాయంలో, 1757లో, ఇల్లు విడిచి గోటెబర్గ్ నగరంలో బౌఖ్ అనే ఔషధ వర్తకుని వద్ద శిష్యుడుగా చేరాడు.

ఆ కాలపు మందుల దుకాణం నేటి దుకాణం వంటిది కాదు. మూలికలు నూరడం, లవణాలు కాచడం, ద్రావకాలను ఆవిరిచేసి చల్లార్చి పట్టడం అన్నీ అక్కడే జరిగేవి. పగలంతా యజమాని పని. రాత్రి అందరూ నిద్రించిన పిమ్మట దీపం వెలుగులో గ్రంథపఠనం, ప్రయోగాలు. ఎనిమిదేళ్లు ఆ విధంగా గడిచాయి. ఆ దుకాణమే ఆయనకు కళాశాల అయింది. అటు తర్వాత 1765లో మాల్మో, 1768లో స్టాక్‌హోం, 1770లో ఉప్సాల నగరాలకు ఉద్యోగరీత్యా వెళ్లాడు. ఎక్కడికి వెళ్లినా ఆయన అడిగింది ఒక్కటే, ప్రయోగాలు చేసుకొనడానికి ఒక మూల చోటు.

ఉప్సాల విశ్వవిద్యాలయంలో టోర్బెర్న్ బెర్గ్‌మన్ రసాయన శాస్త్రాచార్యుడు. సురేకారాన్ని చాలాసేపు ఎర్రగా కాచి చల్లార్చిన తర్వాత దానిమీద వెనిగర్ పోస్తే ఎర్రని పొగలు వెలువడేవి. మామూలు సురేకారం ఆ విధంగా ప్రవర్తించదు. పండితులకు అంతుపట్టని ఈ సమస్యకు మందుల దుకాణంలో పనిచేసే యువకుడు ఇట్టే కారణం చెప్పాడు. గాన్ అనే మిత్రుని ద్వారా ఈ సంగతి తెలిసి బెర్గ్‌మన్ ఆశ్చర్యపోయాడు. నాటి నుండి ఆచార్యునికి, ఆ యువకునికి మధ్య ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. బెర్గ్‌మన్ ప్రోత్సాహంతో మాంగనీసు ఖనిజాన్ని పరిశోధిస్తూ షీలే 1774లో క్లోరిన్ వాయువును కనుగొన్నాడు.

అంతకు ముందే, 1771, 1772 ప్రాంతాలలో, ఆయన సురేకారాన్ని, పాదరసపు భస్మాన్ని, మరికొన్ని పదార్థాలను వేడిచేసి ఒక వాయువును సేకరించాడు. అందులో దీపం మామూలు గాలిలో కన్న ఎంతో కాంతితో వెలిగేది. దానికి ఆయన అగ్నివాయువు అని పేరు పెట్టాడు. అదే మన ఆమ్లజని. కానీ ఆ విషయాన్ని వివరించే ఆయన గ్రంథం ముద్రణలో ఆలస్యమై 1777లో గాని వెలువడలేదు. ఈలోగా ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అదే వాయువును 1774లో కనుగొని ముందుగా ప్రకటించాడు. ఆమ్లజనిని కనుగొన్నవాడుగా లోకం చాలాకాలం ప్రీస్ట్‌లీనే తలచింది. షీలే ఇందుకు ఎవరితోనూ తగవు పెట్టుకొనలేదు.

1775లో స్వీడన్ రాజ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. అప్పటికి ఆయన ఇంకా మరొకరి దుకాణంలో పనివాడే. అదే సంవత్సరం ష్యోపింగ్ అనే చిన్న పట్టణంలో ఒక ఔషధ వర్తకుడు మరణించగా, ఆయన భార్య దుకాణం నడిపేందుకు షీలేను పిలిచింది. దుకాణంతో పాటు అప్పులూ వచ్చాయి. షీలే ఏళ్ల తరబడి కష్టించి వాటిని తీర్చాడు. పెద్ద నగరాల నుండి పిలుపులు వచ్చినా ఆ ఊరు విడువలేదు. అక్కడ ఆయనకు చేతినిండా పని, రాత్రికి ప్రయోగశాల ఉన్నాయి. అంతకు మించి ఆయన కోరలేదు. నిమ్మరసంలోని ఆమ్లం, పులిసిన పాలలోని ఆమ్లం, నూనెలలోని గ్లిజరిన్ ఆ మారుమూల నుండే లోకానికి పరిచయమైనాయి.

ఆయన పరికరాలు అతి సామాన్యమైనవి. వాయువులను పశువుల మూత్రాశయపు తిత్తులలో పట్టేవాడు. కొత్త పదార్థం ఏది దొరికినా దాని రంగు, వాసనలతో పాటు రుచిని కూడా నమోదు చేసేవాడు. ఆ కాలపు రసాయనికులకు అది అలవాటే. కానీ షీలే చేతిలో పడిన పదార్థాలు పాషాణం, పాదరసం, సీసం, తీక్ష్ణమైన ఆమ్లాలు. పాషాణంతో ఆయన తయారుచేసిన చక్కని ఆకుపచ్చ రంగు ఆయన పేరుతోనే ప్రసిద్ధమై, తర్వాతి శతాబ్దంలో ఐరోపా ఇళ్ల గోడకాగితాలకు, వస్త్రాలకు ఎక్కి ఎందరి ఆరోగ్యాన్నో హరించింది. అందులో విషమున్నదని వాడేవారికి చెప్పవలెనని షీలే 1777లోనే ఒక మిత్రునికి రాసిన ఉత్తరంలో కోరినట్లు చరిత్రకారులు చెబుతారు. ఆ హెచ్చరికను వర్తకులు పట్టించుకొనలేదు.

ఇక మన కథకు ముఖ్యమైన ఘట్టం. బెర్లిన్‌లో పుట్టి, ప్రష్యా నీలి అని పేరుపొందిన ఒక నీలిరంగు ఆ రోజులలో చిత్రకారులకు మిక్కిలి ప్రీతిపాత్రం. ఆ రంగులో ఏమున్నదో తెలుసుకొనగోరి 1782, 1783 సంవత్సరాలలో షీలే దానిని గంధకామ్లంతో కలిపి కాచి, వచ్చిన ఆవిరిని నీటిలో పట్టాడు. ఒక విచిత్రమైన వాసన గల ద్రావకం లభించింది. అలవాటు చొప్పున దానిని కూడా రుచి చూసి, ఆ రుచిని కాగితం మీద పెట్టాడు. అది హైడ్రోజన్ సైనైడు. లోకంలోని అతి తీవ్రమైన విషాలలో ఒకటి తన నాలుక మీద ఉన్నదని ఆయన ఎరుగడు. ఆ ద్రావకం నీటిలో పలచబడి ఉండడం వల్ల కాబోలు బతికి బయటపడ్డాడు. సైనైడు ద్రావణంలో బంగారం కరుగుతుందని కూడా ఆయన గమనించినట్లు శాస్త్ర చరిత్ర చెబుతున్నది. ఆ గమనికను ఆయన ధనార్జనకు వాడుకొనలేదు.

నలుబదేళ్లు దాటేసరికి షీలే ఆరోగ్యం క్షీణించింది. మూత్రపిండాల వ్యాధి, కీళ్లనొప్పులు, చర్మవ్యాధి పట్టి పీడించాయి. ఏళ్ల తరబడి విషపదార్థాలతో మెలగడమే అందుకు కారణమని పలువురు భావిస్తారు. మరణం సమీపించిందని తెలిసి, దుకాణం తనను ఆదరించిన ఇల్లాలికే దక్కవలెనని ఆమెను మరణశయ్య మీదనే వివాహమాడాడు. రెండు రోజుల తర్వాత, 1786 మే 21న కన్నుమూశాడు. వయస్సు నలుబది మూడేళ్లు.

షీలే జీవితం అక్కడితో ముగిసింది. ఆయన కనుగొన్న వాటి జీవితం ముగియలేదు. 1846లో ఎల్స్‌నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, సైనైడు ఒక్కటే బంగారాన్ని కరిగించలేదని, అందుకు గాలిలోని ఆమ్లజని కూడా తోడు కావలెనని నిరూపించాడు. షీలే రెండు వేర్వేరు సీసాలలో చూసిన పదార్థాలు బంగారం వద్ద కలుసుకొన్నాయన్నమాట. 1887లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కలిసి ఈ సూత్రంతో ఒక పద్ధతిని కనిపెట్టి పేటెంటు పొందారు. 1889లో న్యూజిలండులో, 1890లో దక్షిణాఫ్రికాలో అది గనులలోకి ప్రవేశించింది.

ఆ పద్ధతి ఇది. గనిలో తీసిన రాతిని మెత్తగా పొడిచేస్తారు. వెయ్యి పాళ్ల నీటికి ఒక పాలు కూడా లేని పలుచని సైనైడు ద్రావణంలో ఆ పొడిని నానబెట్టి, గాలి తగిలేటట్లు కలియబెడతారు. సైనైడు విషవాయువుగా మారి పైకి లేవకుండా సున్నం కలుపుతారు. కరిగిన బంగారాన్ని జింకు పొడితో గాని, బొగ్గుతో గాని తిరిగి పట్టుకొంటారు. టన్ను రాతిలో రెండు మూడు గ్రాముల బంగారం ఉన్నా ఈ పద్ధతితో గిట్టుబాటవుతుంది. తక్కినదంతా విషజలంతో తడిసిన బురద. దానిని పెద్ద మట్టికట్టల వెనుక నిలువ చేస్తారు.

ఈ పద్ధతి మనకూ కొత్తది కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దునే ఉన్న కోలారు గనులలో తమిళులతో పాటు తెలుగువారు కూడా తరతరాలుగా చెమటోడ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. కానీ బంగారం తీయగా మిగిలిన మట్టి గుట్టలుగా అక్కడే నిలిచింది. స్థానికులు వాటిని సైనైడు దిబ్బలనే పిలుస్తారు. సైనైడులో చాలా భాగం ఎండకు, గాలికి విచ్ఛిన్నమైపోయినా, సన్నని రాతిధూళి గాలి వీచినప్పుడల్లా ఇళ్లమీదికి లేస్తుంది. నిజాం కాలంలో హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉండి, నేడు కర్ణాటకలో చేరిన రాయచూరు జిల్లా హట్టి గనులలో బంగారం తీయడం నేటికీ సాగుతున్నది.

సైనైడు ప్రాణి శరీరంలో చేరితే ఏమి జరుగుతుందో తెలుసుకొంటే షీలే కథ మరింత విషాదకరంగా తోస్తుంది. రక్తంలో ఆమ్లజని నిండుగానే ఉంటుంది. కానీ జీవకణాలు దానిని ఉపయోగించుకొనకుండా సైనైడు అడ్డుపడుతుంది. గాలి పీలుస్తూనే ప్రాణి ఊపిరాడక మరణిస్తుంది. బంగారం వద్ద మిత్రులైన ఆ రెండు పదార్థాలు ప్రాణి దేహంలో శత్రువులవుతాయి. ఒక లీటరు నీటిలో మిల్లీగ్రాములో పదవ వంతు సైనైడు చేరినా సున్నితమైన చేపలు బతకవు.

2000 జనవరి 30 రాత్రి రుమేనియాలోని బాయా మారే పట్టణం వద్ద జరిగింది ఇదే. వర్షానికి, కరిగిన మంచుకు ఒక బంగారు కర్మాగారపు మట్టికట్ట తెగింది. దాదాపు లక్ష ఘనపు మీటర్ల విషజలం చిన్న నదుల గుండా టిస్సా నదికి, అక్కడి నుండి డాన్యూబ్ నదికి ప్రవహించింది. ఎండ తక్కువైన శీతకాలం కావడం వల్ల విషం త్వరగా విరగలేదు. ఒక్క హంగేరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు మరణించాయి. ఆ బంగారం హంగేరీ జాలరులది కాదు. నష్టం మాత్రం వారి వలలోనే పడింది. 2009లో హంగేరీ పార్లమెంటు తమ దేశంలో గనులలో సైనైడు వాడకాన్ని నిషేధించింది.

పద్ధతినే దూషించడం న్యాయం కాదు. కట్ట గట్టిగా ఉండి, నీటిని వదిలే ముందు విషాన్ని విరిచే ఏర్పాటు ఉంటే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. సైనైడు ఎండలో కొంతకాలానికి విరిగిపోతుంది. చిన్న గనులలో వాడే పాదరసమైతే తరతరాలు నేలలో, నీటిలో నిలుస్తుంది. కావలసినది ఖర్చుకు వెరవని జాగ్రత్త, దిగువ ఊళ్లవారికి నిజం చెప్పే నిజాయితీ.

విద్యార్థులారా! షీలే తెలియక విషాన్ని రుచి చూశాడు. ఆ సాహసపు ఫలితాన్ని తన దేహం మీదనే అనుభవించాడు. తెలిసిన విషాన్ని వాడేవాని బాధ్యత అంతకన్న పెద్దది, ఎందుకంటే దాని ఫలితం తనకు గాక ఎక్కడో నది దిగువన నీళ్లు తాగేవానికి చేరుతుంది. మీలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు అవుతారు. కట్ట ఎత్తు ఎంత ఉండవలెనో నిర్ణయించే కాగితం మీ బల్ల మీదికి వస్తుంది. ఆనాడు ష్యోపింగ్ పట్టణంలోని ఆ పేద ఔషధ వర్తకుని ఒక్కసారి స్మరించి సంతకం చేయండి. పెండ్లి పందిట్లో మెరిసే ప్రతి నగ వెనుక ఎక్కడో ఒక మట్టికట్ట ఉన్నది. అది తెగకుండా కాయవలసిన బాధ్యత చదువుకొన్నవారిది.