అక్క మాత్ర వెనకున్న లూసీ విల్స్

స్కూల్లో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? మా క్లాసులో సగం మంది దాన్ని నాలుక కింద దాచుకుని బయటికెళ్ళి ఉమ్మేసేవాళ్ళం. నేనూ ఆ సగంలోనే. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుందని నాకు తెలిసింది ఈ మధ్యే, అక్కకి నెల తప్పాక డాక్టర్ రాసిచ్చిన చీటీ చదువుతుంటే.

ఆ రోజే అమ్మమ్మ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళమ్మ ఎనిమిదో నెల కడుపుతో ఉండగా ఒళ్ళంతా పాలిపోయి చనిపోయిందట. అమ్మమ్మకి అప్పుడు ఆరేళ్ళు. ఒంట్లో నెత్తురు లేక పోయిందని ఊళ్ళో అనుకున్నారు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

అడిగిన మనిషి ఒకావిడ ఉంది. అంతకు పాతికేళ్ళ ముందే, మన దేశంలోనే అడిగింది. పేరు లూసీ విల్స్.

1888లో ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి 1911లో పరీక్షలు పాసైంది. పాసైనా పట్టా చేతికివ్వలేదు. ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీ ఇవ్వడం అక్కడ 1948లో గానీ మొదలవలేదు మరి. (మన బ్యాక్‌లాగ్‌ల బాధ ఏపాటిది చెప్పండి.) ఆ ఏడాదే తండ్రి పోయాడు, రెండేళ్ళకి అక్క పోయింది. సిలోన్ వెళ్ళింది, దక్షిణాఫ్రికా వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు కేప్‌టౌన్‌లో కొన్నాళ్ళు నర్సు పని చేసింది. తిరిగొచ్చి లండన్‌లో ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో చేరింది. డాక్టరయ్యేసరికి 1920. అప్పటికి 32 ఏళ్ళు. అయినా ప్రాక్టీసు పెట్టకుండా ల్యాబ్‌లోనే ఉండిపోయింది.

1928లో బొంబాయి నుంచి పిలుపొచ్చింది. కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి అక్కడ ఒక పెద్ద విచారణ నడుస్తోంది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి తీవ్రమైన రక్తహీనత వచ్చేది. రక్తకణాల సంఖ్య తగ్గడమే కాదు, ఉన్న కణాలు మామూలు కంటే పెద్దగా ఉండేవి. లూసీ హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ముందు ఏదైనా క్రిమి వల్లేమో అని వెతికింది. దొరకలేదు. అప్పుడు వాళ్ళ కంచాల్లోకి చూసింది. బీద ముస్లిం స్త్రీల తిండిలో పళ్ళు, కూరగాయలు చాలా తక్కువ. కడుపు నిండా తినే ఇళ్ళ ఆడవాళ్ళలో ఈ జబ్బు అంతగా లేదు.

ఆ తిండినే ఎలుకలకి పెట్టింది. కడుపుతో ఉన్న ఎలుకలు ఈనకముందే చచ్చిపోయాయి. తిండిలో కాస్త ఈస్ట్ కలిపితే బతికాయి. ఇంకేం, తేలిపోయిందనుకుంటాం మనమైతే. కానీ ఆ ఎలుకలకి పేలు పట్టాయి, ఆ పేల వల్ల వచ్చే రోగం కూడా రక్తహీనతే తెస్తుంది. అంటే ఫలితాన్ని నమ్మడానికి లేదు. ల్యాబ్ రికార్డులో రీడింగ్స్ సర్దేసే మనలాంటి వాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఆవిడ సర్దలేదు. కోతులతో మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ కోతుల్లో బాగా నీరసించిపోయినదానికి మార్మైట్ పెట్టింది. మార్మైట్ అంటే బీరు కాచగా మిగిలిన ఈస్ట్‌తో చేసే నల్లటి, ఉప్పటి పేస్టు. ఇంగ్లండ్‌లో బ్రెడ్డు మీద రాసుకుంటారు. చవక. కోతి తేరుకుంది. తర్వాత గర్భిణులకీ అదే ఇచ్చింది. రోజుల్లోనే ఆకలి పుట్టింది, కొత్త రక్తకణాలు కనబడ్డాయి. బొంబాయి తర్వాత కూనూరులో, 1931లో మద్రాసు కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. ఇప్పుడు ట్రిప్లికేన్‌లో కస్తూర్బా ఆసుపత్రి అంటున్నది దాన్నే. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోవే. ఈస్ట్‌తో నయమవుతుందని అదే ఏడాది పేపరు అచ్చయింది.

ఇంతకీ ఆ పేస్టులో ఏముంది? ఆవిడకి తెలియదు. తెలిసినట్టు రాయనూ లేదు. అప్పట్లో రక్తహీనతకి లివర్ మందు వాడేవాళ్ళు. బాగా శుద్ధి చేసిన లివర్ మందు ఈ తల్లులకి పనిచేయలేదు, ముడి లివర్ పనిచేసింది. కాబట్టి ఇది వేరే పదార్థం అని మాత్రం గట్టిగా చెప్పింది. జనం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది లెడర్లే కంపెనీ బృందం. ఆ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ జబ్బుకి సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ స్ప్రూకి కూడా ఫోలిక్ యాసిడే మందయింది. లూసీ విల్స్ గురించి చదువుతూ ఈ పేరు దగ్గరికొచ్చి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండో ప్రపంచయుద్ధంలో ఆవిడ పనిచేసే రాయల్ ఫ్రీ ఆసుపత్రి మీద 1944లో బాంబు పడింది. 1947లో రిటైరైంది, కానీ ఊరికే కూర్చోలేదు. జమైకా, ఫిజీ వెళ్ళి మళ్ళీ తిండీ రక్తహీనతా పనే చేసింది. చెల్సీలో లేబర్ పార్టీ కౌన్సిలర్‌గానూ ఉంది. పెళ్ళి చేసుకోలేదు. 1964లో పోయింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు ఆపొచ్చని 1991లో ఒక పెద్ద పరీక్షలో రుజువైంది. అది ఆవిడ చూడలేదు.

అమ్మమ్మ వాళ్ళమ్మ పోయేనాటికి ఆ మాత్ర పుట్టి పదేళ్ళు దాటింది. మా ఊరికి రాలేదు, అంతే.

అక్కకి ఇప్పుడు ఏడో నెల. రోజూ రాత్రి అన్నాలయ్యాక మాత్ర వేసుకున్నావా అని అమ్మమ్మ అడుగుతుంది. వేసుకున్నానంటే నమ్మదు, నోరు తెరిచి చూపించమంటుంది.